నాలుగు కత్తుల పరుగు: క్రిస్టాలిస్ సమీక్ష

క్రిస్టాలిస్ అనే వీడియో గేమ్ మొదలుపెట్టగానే తెర మీద ఒక తేదీ కనిపిస్తుంది: 1997 అక్టోబరు 1. ప్రపంచ యుద్ధంలో నాగరికత మొత్తం నాశనమైన రోజు అదని, ఆ దెబ్బకు భూమి ఇరుసే ఒరిగిపోయిందని, జంతువులు వికృత రూపాలు దాల్చాయని నాలుగు ముక్కల్లో చెప్పి, ఆట మనల్ని నూరేళ్ళు ముందుకు తీసుకుపోతుంది. 1990లో ఈ ఆటను కొన్న పిల్లవాడికి ఆ తేదీ ఏడేళ్ళ దూరంలో పొంచి ఉన్న ప్రళయం. ఇప్పుడు ఆడేవారికి అదొక పాత బుధవారం. ఆ రోజు నేను మా బడిలో ఎక్కాలు అప్పజెబుతూ ఉండి ఉంటాను. భవిష్యత్తుకు తేదీ వేసే కథలన్నిటికీ పట్టే గతే దీనికీ పట్టింది కానీ, ఆట మాత్రం ఆ తేదీలా పాతబడలేదు. ఎందుకు పాతబడలేదో, ఎక్కడ పాతబడిందో ఈ సమీక్షలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

క్రిస్టాలిస్‌ను తయారుచేసింది జపాన్‌లోని ఒసాకాకు చెందిన ఎస్.ఎన్.కె. సంస్థ. ఇకారి వారియర్స్ వంటి కాల్పుల ఆటలతో ఆర్కేడ్‌లలో పేరు తెచ్చుకున్న ఈ సంస్థ, 1990 ఏప్రిల్‌లో నింటెండో వారి ఫామికామ్ యంత్రానికి 'గాడ్ స్లేయర్: హరుకా తెన్కూ నో సొనాటా' అనే పేరుతో దీన్ని విడుదల చేసింది. దేవుణ్ణి చంపేవాడు అన్న ఆ పేరు అమెరికాకు చేరేసరికి మాయమై, అదే ఏడాది వేసవిలో ఎన్.ఇ.ఎస్. (ఫామికామ్‌కు అమెరికాలో పేరు) క్యాట్రిడ్జ్ మీద క్రిస్టాలిస్‌గా అచ్చయింది. ఎస్.ఎన్.కె. తన సొంత యంత్రమైన నియో జియోను తెచ్చినదీ ఆ ఏడాదే. నాణెం వేసి ఆడే యంత్రాలతో చేయి తిరిగిన సంస్థ ఇంట్లో కూర్చుని గంటల తరబడి ఆడే సాహసగాథను తయారుచేస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్నకు క్రిస్టాలిస్ జవాబు. ఆ ఆర్కేడ్ అలవాటు మంచికీ చెడుకీ ఆట నిండా కనిపిస్తుంది.

తెలుగునాట తొంభైలలో పెరిగినవారిలో చాలామందికి ఈ యంత్రం వేరే రూపంలో తెలుసు. టీవీకి తగిలించుకునే ఆ నకలు యంత్రాలను మనం 'టీవీ గేమ్' అనేవాళ్ళం, క్యాట్రిడ్జ్‌ను 'క్యాసెట్' అనేవాళ్ళం. ఒకే క్యాసెట్‌లో వేల ఆటలున్నాయని పైన అచ్చు వేసి ఉండేది, లోపల చూస్తే మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల వేట ఇవే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. నేను చూసిన క్యాసెట్లలో వేటిలోనూ క్రిస్టాలిస్ లాంటి ఆట లేదు. ఉండకపోవడానికి కారణమూ ఉంది. ఇలాంటి ఆటలకు మన ప్రగతిని దాచుకోవడానికి క్యాట్రిడ్జ్ లోపల చిన్న బ్యాటరీతో నడిచే జ్ఞాపకశక్తి కావాలి, పైగా తెర మీది మాటలను చదివి అర్థం చేసుకుంటే తప్ప ముందుకు పోలేము. చవక క్యాసెట్‌కు ఆ రెండూ గిట్టుబాటయ్యేవి కావు. అందుకే ఆ యంత్రాన్ని అరగదీసిన మన తరానికి, అదే యంత్రం మీద ఇంత పెద్ద కథలు నడిచాయన్న సంగతి ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా తెలిసింది.

ఇక ఆట సంగతి. ఇది యాక్షన్ రోల్ ప్లేయింగ్ జాతికి చెందినది, అంటే పాత్రకు అనుభవ పాయింట్లు, లెవెల్, కవచాలు, మంత్రాలు ఉంటాయి కానీ, పోరాటం కోసం వేరే తెర తెరుచుకుని 'కొట్టు, మంత్రం వేయి, పారిపో' అని పట్టిక నుంచి ఎంచుకోవలసిన పని ఉండదు. రాక్షసులు మనం నడిచే నేల మీదే తిరుగుతుంటారు, మనం చేయి ఎత్తినప్పుడే దెబ్బ పడుతుంది. అప్పటికే నింటెండో వారి జెల్డా అనే సాహస ఆట ఆ పని చేసింది కదా అని అడగవచ్చు. చేసింది, కానీ 1986 నాటి జెల్డాలో నాయకుడు నాలుగు దిక్కులకే నడుస్తాడు. క్రిస్టాలిస్ నాయకుడు మూలలతో కలిపి ఎనిమిది దిక్కులకూ నడుస్తాడు, ఎనిమిది దిక్కులకూ కత్తి దూస్తాడు. కాగితం మీద ఇది చిన్న తేడా. చేతిలో కంట్రోలర్ పట్టుకున్నాక మాత్రం రెండు ఆటల మధ్య ఎద్దుబండికీ సైకిలుకూ ఉన్నంత తేడా కనిపిస్తుంది. నాయకుడి అడుగు చురుకైనది, బటన్ వదలగానే ఆగిపోతుంది, రెండు రాక్షసుల నడుమ సందు చూసుకుని ఏటవాలుగా జారిపోవడం మొదటి పది నిమిషాల్లోనే అలవాటవుతుంది. నేను ఈ ఆటలో ఎక్కువగా ఇష్టపడింది ఏమిటని ఎవరైనా అడిగితే కథ అనో కత్తులు అనో అనను, నడక అంటాను.

ఆ నడకకు తోడుగా బి బటన్ ఉంది. ఒకసారి నొక్కితే కత్తి పోటు పడుతుంది, నొక్కి పట్టుకుంటే తెర అడుగున ఉన్న శక్తి గీత నిండుతుంది, వదలగానే కత్తి కొస నుంచి శక్తి తూటాలా దూసుకుపోతుంది. దగ్గరికి పోయి పొడవాలా, దూరం నుంచి వదలాలా అన్న నిర్ణయం ప్రతి మలుపులోనూ ఎదురవుతుంది. పొడిస్తే దెబ్బ తగిలే ప్రమాదం ఉంది, వదలాలంటే ఆగి చూడాలి. రెండే బటన్లున్న కంట్రోలర్‌తో ఇంత ఎంపిక ఇవ్వగలగడం వెనుక ఆర్కేడ్‌లో పండిన చేతులున్నాయని చెప్పకుండానే తెలుస్తుంది. 'ఏ' (A) అని రాసి ఉన్న రెండో బటన్‌తో మంత్రం వేస్తాము, అంతే. అంతకు మించి నేర్చుకోవలసినది ఏమీ లేదు.

మొదటి గంట ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆట తీరు మొత్తం అందులోనే ఉంది. నాయకుడు ఒక గుహలో నూరేళ్ళ శీతల నిద్ర నుంచి లేస్తాడు. తనెవరో తనకే తెలియదు, పేరు కూడా మనమే పెట్టాలి. బయటికి వస్తే కొద్ది దూరంలో లీఫ్ అనే పల్లె ఉంటుంది. ఆ ఊరి పెద్ద అతడి చేతికి గాలి కత్తిని ఇస్తాడు. ఊరికి పక్కన ఉన్న లోయలో ఒక గాలిమర ఆగిపోయి ఉంటుంది, దాన్ని కాపలా కాయవలసిన మనిషి ఒక గుహలో గుర్రుపెట్టి నిద్రపోతుంటాడు. అతణ్ణి లేపడానికి ఒక పిల్లనగ్రోవి కావాలి. లేచాక అతడు తాళంచెవి ఇస్తాడు, గాలిమర తిరుగుతుంది, మూసుకుపోయిన దారి తెరుచుకుంటుంది. ఈ పనులు చేస్తున్నంతసేపూ దారిలోని పురుగులనూ తోడేళ్ళనూ కొడుతూ ఉంటాము కనుక లెవెల్ దానంతట అదే పెరుగుతుంది. ఎక్కడా ఆగి 'ఇప్పుడు బలం పెంచుకోవాలి' అనుకోము. పని, ప్రయాణం, పోరాటం మూడూ ఒకే తాడుకు పేనినట్టుగా ఉంటాయి. ఆ రోజుల్లో ఈ జాతి ఆటలు ఊరి బయట గంటల తరబడి బురద ప్రాణులను కొట్టించి డబ్బు కూడబెట్టించేవి, దానితో పోలిస్తే క్రిస్టాలిస్ మన సమయానికి ఇచ్చే విలువ ఆశ్చర్యం కలిగిస్తుంది. చాలాచోట్ల మెనూ తెరిచి నిలబడిన చోటే సేవ్ చేసుకోవచ్చు కూడా. సత్రం వెతుక్కుంటూ వెనక్కి నడవనక్కరలేదు.

కత్తులు మొత్తం నాలుగు: గాలి, నిప్పు, నీరు, పిడుగు. మన పంచభూతాల లెక్కలో మూడే సరిపోయాయి, భూమికీ ఆకాశానికీ బదులు పిడుగు వచ్చి చేరింది. అయితే ఆకాశం మరోలా కథలో ఉంది, దాని గురించి తరువాత చెబుతాను. ప్రతి కత్తికీ ఒక బంతి, ఒక కంకణం ఎక్కడో దాగి ఉంటాయి. బంతి దొరికితే శక్తి రెండో స్థాయికి పోతుంది, కంకణం దొరికితే మూడో స్థాయికి పోతుంది, మూడో స్థాయి దెబ్బకు మంత్రశక్తి కూడా ఖర్చవుతుంది. ఈ శక్తులు పోరాటానికే పరిమితం కాకపోవడం ఆట అసలు తెలివి. గాలి శక్తితో రాతి గోడలు పగులుతాయి, నిప్పు మంచు గోడలను కరిగిస్తుంది, నీటి కత్తి పారే నదిని గడ్డకట్టించి వంతెన చేస్తుంది, పిడుగు ఇనుప గోడలను కూల్చుతుంది. ఒక గుహలో గడ్డకట్టిన గోడ ముందు నిలబడి, ఇక్కడికి తరువాత రావాలని మనసులో గుర్తు పెట్టుకుని వెనుదిరగడం, మరో మూడు గంటల తరువాత కొత్త కత్తి చేతికి రాగానే ఆ గోడే ముందుగా గుర్తుకు రావడం, ఇలాంటి ఆటలు ఇచ్చే ఆనందాల్లో ముఖ్యమైనది. నీటి కత్తితో మొదటిసారి వంతెన కట్టినప్పుడు, అవసరం లేకపోయినా అదే నది మీద మరో రెండు వంతెనలు కట్టి చూసుకున్నాను.

ఇంత బాగున్న ఏర్పాటును ఆటే తన చేతులారా కుంటుపరుచుకున్న చోటు కూడా ఈ కత్తుల దగ్గరే ఉంది. కొన్ని రాక్షసజాతుల మీద కొన్ని కత్తులు అసలు పనిచేయవు. కొట్టినప్పుడు 'ఠంగ్' మని ఇనుము మోగినట్టు చప్పుడు వస్తుంది, అంతే, ఎదుటివాడికి గీత కూడా పడదు. ఒకే గుహలో నిప్పుకు లొంగని ప్రాణి ఒకటి, నీటికి లొంగని ప్రాణి మరొకటి కలిసి తిరుగుతుంటే ప్రతి పది అడుగులకూ ఆట ఆపి, మెనూ తెరిచి, కత్తి మార్చి, మూసి, కొట్టి, మళ్ళీ తెరవాలి. కత్తులను మార్చడానికి వేరే బటన్ లేదు. కంట్రోలర్ మీద బటన్లు తక్కువన్నది నిజమే, కానీ ఆ సంగతి తెలిసి కూడా ఇన్నిసార్లు కత్తి మార్పించాలని నిర్ణయించినది తయారీదారులే. దీనికి తోడు మంత్రాలకు కూడా అదే మెనూ, ధరించే వస్తువులకూ అదే. విషపు చిత్తడిలో నడవాలంటే ముఖానికి తొడుగు వేసుకోవాలి, ముళ్ళ మీద నడవాలంటే తోలు బూట్లు తొడుక్కోవాలి, ధరించడానికి చోటు ఒక్కటే. ఆట మధ్యభాగం దాటాక, నా లెక్కలో పోరాడిన సమయానికి సమానంగా సంచి సర్దుకున్న సమయం ఉంటుంది. ఈ ఆటకు ప్రాణం పరుగు అనుకుంటే, ఆ పరుగును మాటిమాటికీ చొక్కా పట్టుకుని ఆపేది ఈ మెనూయే.

దీనికి అన్న లాంటి తప్పు ఇంకొకటుంది. ఒక్కో దశ చివర ఎదురయ్యే పెద్ద శత్రువును బాస్ అంటారు. బాస్‌లలో కొందరికి ఒక కనీస లెవెల్ ఉంటుంది. మన లెవెల్ అంతకన్నా ఒక్కటి తక్కువైనా, సరైన కత్తి చేతిలో ఉన్నా, ఎంత నేర్పుగా ఆడినా దెబ్బ తగలదు. సరిగ్గా అదే 'ఠంగ్' చప్పుడు వినిపిస్తుంది. కొత్తగా ఆడేవారికి అది కత్తి తప్పా, లెవెల్ తప్పా, పద్ధతి తప్పా తెలియదు, ఎందుకంటే మూడింటికీ ఆట ఇచ్చే జవాబు ఒకటే. నేను మొదటిసారి ఒక బాస్ ముందు ఇరవై నిమిషాలు తప్పించుకుంటూ కత్తులన్నీ మార్చి చూసి, చివరికి చచ్చి, బయటికి వచ్చి ఒక్క లెవెల్ పెంచుకుని తిరిగి వెళ్ళి అరనిమిషంలో గెలిచాను. అప్పుడు సంతోషం వేయలేదు, కోపం వచ్చింది. చేతి నేర్పుకు విలువ ఇచ్చే ఆట అని నమ్మించి, ఆ నేర్పును అంకె ముందు మోకరిల్లజేయడం ఈ ఆట స్వభావానికే విరుద్ధం. అత్యధిక లెవెల్ 16 మాత్రమే కనుక ప్రతి లెవెల్‌కూ బరువు ఎక్కువ, అందువల్లనే ఈ గోడ మరింత గట్టిగా తగులుతుంది. ఆడబోయేవారికి ఒక సూచన ఇస్తాను. కొత్త గుహ లోపలికి దిగినప్పుడు దారిలోని రాక్షసులను తప్పించుకుని పరుగెత్తకండి, ఎదురైనవన్నీ కొట్టుకుంటూ పోతే ఈ గోడలు చాలావరకు తగలవు.

మంత్రాలలో కొన్ని మామూలువే. నలుగురు జ్ఞానులున్నారు: జెబు, టోర్నెల్, అసీనా, కెన్సు. జెబు నేర్పే రిఫ్రెష్ ప్రాణశక్తిని నింపుతుంది, టోర్నెల్ నేర్పే టెలిపోర్ట్ చూసిన ఊళ్ళకు క్షణంలో చేరుస్తుంది. దూరం నుంచే జ్ఞానులను పలకరించి సలహా అడిగే టెలిపతి కూడా ఉంది, దారి తప్పినప్పుడు ఎంతో పనికొస్తుంది. కెన్సు వరస వేరు. ఎక్కడ కనిపించినా ఏదో మారువేషంలో ఉంటాడు, అందుకు తగినట్టే మనకు నేర్పేది రూపం మార్చుకునే మంత్రం. దానితో మనం సైనికుడిగా, స్త్రీగా, మరో ఇద్దరు తెలిసిన పాత్రలుగా మారవచ్చు. కాపలావాళ్ళ ముందు సైనికుడిగా నడిచిపోవడం, మగవాళ్ళను అడుగుపెట్టనివ్వని అమెజోన్స్ ఊళ్ళో ఆడవేషంలో తిరగడం, రూపాన్ని బట్టి ఊరివాళ్ళ మాటలు మారడం చూస్తే మనకు తెలిసిన బహురూపుల వేషాలు గుర్తుకు వస్తాయి. ఈ మంత్రం దొరికాక నేను వెనక్కి వెళ్ళి పాత ఊళ్ళన్నీ నాలుగు వేషాల్లోనూ తిరిగాను. అన్నిచోట్లా కొత్త మాటలు దొరకలేదు, కానీ దొరికినచోట నవ్వు వచ్చింది.

కథ విషయానికొస్తే, యుద్ధం తరువాత బతికినవారు విజ్ఞానాన్ని వెలివేసి, మళ్ళీ అలాంటి చెడు జరగకుండా ఆకాశంలో ఒక గోపురాన్ని నిలిపారు. నూరేళ్ళకు డ్రేగాన్ అనే చక్రవర్తి ఆ పాత విజ్ఞానాన్ని తవ్వి తీసి, మంత్రవిద్యతో కలిపి సైన్యాన్ని పెంచుకుని, ఇప్పుడు ఆ గోపురం మీద కన్నేశాడు. అతడి కింద కెల్బెస్క్, సబేరా, మాడో, కార్మైన్ అనే నలుగురు సేనానులు. ఇంతవరకు ఇది ఏ ఆటలోనైనా ఉండే సామగ్రే. ఈ కథ నిలబడేది రాజుల దగ్గర కాదు, ఊళ్ళ దగ్గర. ఒక దశలో మనం మొదలుపెట్టిన లీఫ్ పల్లెకు తిరిగి వస్తే ఇళ్ళన్నీ ఖాళీగా ఉంటాయి. వీధిలో ఎవరూ ఉండరు, జనాన్ని పట్టుకుపోయారని ఒక కుందేలు చెబుతుంది. కత్తి ఇచ్చిన పెద్దాయనతో సహా అందరినీ సేబర్ పర్వతం మీద చెర నుంచి విడిపించాలి. అప్పటికి ఆ జనంతో మనకున్న పరిచయం రెండేసి వాక్యాల మాటలే అయినా, ఆ ఖాళీ వీధి మనసుకు తగులుతుంది. షైరాన్ అనే మరో ఊళ్ళో జరిగేది ఇంకా కఠినం. అక్కడి జనాన్ని విడిపించే అవకాశం ఆట మనకు ఇవ్వదు, మాడో చేసిన ఊచకోత తరువాతే మనం లోపలికి చేరుకుంటాము. పిల్లల బొమ్మ పెట్టె అని పేరుబడ్డ యంత్రం మీద, 1990లో, అంతకు ముందు మనతో మాట్లాడిన మనుషులు చచ్చి పడి ఉండడం చూపించిన ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఆ సన్నివేశానికి ఆట పెద్ద పెద్ద మాటలు వాడలేదు, అదే దాని బలం.

మాటలు పొదుపుగా ఉండడం అన్నిచోట్లా బలం కాదు. ఏ వస్తువు ఎవరికి ఇవ్వాలో చెప్పే సూచనలు కొన్ని మరీ సన్నగా ఉన్నాయి. బ్రిన్‌మేయర్ ఊళ్ళో అకహానా అనే కళాప్రియుడికి ఓనిక్స్ ప్రతిమ ఇస్తేనే విషపు చిత్తడి దాటడానికి కావలసిన తొడుగు దొరుకుతుంది. ఆ ముడి కథలో ఇమిడింది కనుక కొంచెం తిరిగితే విప్పుకోవచ్చు. సముద్రం చుట్టూ అల్లిన చిక్కుముడులు అంత సులువుగా విడవవు. ఒక పొగమంచు దీపం, ఒక జాలరి, గాయపడిన ఒక డాల్ఫిన్, విరిగిన ఒక విగ్రహం, ఇవన్నీ ఏ వరుసలో కలుపుకోవాలో తేలడానికి అన్ని ఊళ్ళలోనూ అందరినీ రెండేసిసార్లు పలకరించవలసి వచ్చింది. అయినా ఆ డాల్ఫిన్‌కు వైద్యం చేసి, శంఖనాదంతో దాన్ని పిలిచి, వీపు మీద ఎక్కి అలల మీద దూసుకుపోయే క్షణంలో అంతకు ముందు పడిన తిరుగుడంతా మరిచిపోయాను. నేల మీద ఎంత చురుకుగా నడిచామో నీటి మీదా అంతే చురుకుగా పోతాము, ఎదురైన ప్రాణులను డాల్ఫిన్ మీద నుంచే కొట్టవచ్చు.

బొమ్మల గురించి, పాటల గురించి కొంచెమే చెబుతాను. ఈ యంత్రం తెర మీద ఒకేసారి చూపగలిగే రంగులు పాతిక మాత్రమే. ఆ పాతికతోనే పచ్చిక మైదానం, మంచుకొండ, చిత్తడి, ఎడారి వేటికవే విడిగా గుర్తుండేలా గీశారు. మొదటి మైదానంలో వినిపించే బాణీ ఆట ఆపాక కూడా రెండు రోజులు నోట్లో ఆడింది. గుహల బాణీలు మాత్రం కొన్ని తరచుగా తిరిగి వస్తాయి, పొడవాటి గుహలో తిరిగి తిరిగి వింటే విసుగు పుడుతుంది. తెర మీద రాక్షసులు ఎక్కువైనప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి, అది ఆ యంత్రంలోని ఆటలన్నిటికీ ఉన్న పరిమితే.

ఆఖరి భాగం దగ్గర నా మెప్పు కొంచెం తగ్గుతుంది. గోవా అనే ఊరు, దాని పక్కనే కోట వస్తాయి. మన గోవాకూ దీనికీ సంబంధం లేదు. ఆ కోటలో సేనానులందరినీ వరుసగా ఎదుర్కోవాలి, వారిలో ముగ్గురు పాతవాళ్ళే మళ్ళీ వస్తారు. కోట పొడవుగా ఉంది, మెనూ బాధ ఇక్కడే పతాకస్థాయికి చేరుతుంది, లెవెల్ తక్కువైతే గోడకు తల కొట్టుకున్నట్టే. దాన్ని దాటి, చక్రవర్తితో తేల్చుకుని, నాలుగు కత్తులూ కలిసి క్రిస్టాలిస్ అనే ఒకే కత్తిగా మారాక ఆట మళ్ళీ మొదటి గంటలా మారిపోతుంది. ఆ ఒక్క కత్తి అన్నిటి మీదా పనిచేస్తుంది, మెనూ తెరవనక్కరలేదు, ఆకాశ గోపురంలో రాక్షసులకు బదులు యంత్రాలు ఎదురవుతాయి, మనం పరుగెత్తుకుంటూ పోతాము. ఆట అంతా ఇలా ఎందుకు లేదా అని అప్పుడు అనిపించింది. గోపురం చిట్టచివర కాచుకుని ఉన్న శత్రువు మాత్రం అంతవరకు చూసిన బాస్‌లలో సగంమంది కన్నా సులువుగా ఓడిపోతుంది. అంత పెద్ద కథకు అంత తేలిక యుద్ధం నప్పలేదు. నాయకుడికీ, తనలాగే పాత కాలం నుంచి బతికి వచ్చిన మీసియాకూ మధ్య కథ ఎలా ముగుస్తుందో ఇక్కడ చెప్పను, ఆ ముగింపు మాత్రం బాగుంది.

మొత్తం పూర్తి చేయడానికి నాకు పదకొండు గంటలు పట్టింది. నాలుగు సాయంత్రాల పని. నలభై గంటలు పీల్చుకునే ఆటలు ఉన్న ఈ కాలంలో దీన్ని లోపం అనేవారు ఉండవచ్చు, నాకు మాత్రం సరైన కొలత అనిపించింది.

ఇప్పుడు ఏ రూపంలో ఆడాలన్నది మిగిలింది. 2000లో గేమ్ బాయ్ కలర్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం కోసం నింటెండో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ మరలా తయారుచేసిన క్రిస్టాలిస్ ఒకటుంది. దాన్ని నేను సిఫారసు చేయను. ఎన్.ఇ.ఎస్. తెర 256కు 240 చుక్కలు, గేమ్ బాయ్ కలర్ తెర 160కి 144 చుక్కలు. అంటే కనిపించే మేర మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. దూరం నుంచి చూసి తప్పించుకోవడం మీద నడిచే ఆటలో రాక్షసుడు మీద పడేదాకా కనిపించకపోతే ఆ నడకకు అర్థమే లేదు. పైగా పాత బాణీలను చాలావరకు మార్చేశారు, కథలోనూ చేయి పెట్టారు.

అసలు క్యాట్రిడ్జ్ కొనాలనుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మన ఇళ్ళలో అటక మీద ఉండే పాత టీవీ గేమ్ యంత్రాలు జపాన్ పద్ధతిలో 60 పిన్నుల క్యాసెట్లకు తయారైనవి. అమెరికా క్యాట్రిడ్జ్‌కు 72 పిన్నులుంటాయి కనుక అది వాటిలో దూరదు, జపాన్ క్యాసెట్ దూరుతుంది కానీ మాటలన్నీ జపనీస్‌లోనే ఉంటాయి. రెండోది బ్యాటరీ. ముప్ఫై ఏళ్ళు దాటిన ఆ బిళ్ళ ఎప్పుడు చచ్చిపోతుందో చెప్పలేము. అమెరికాలో ఉండే మా బావ దగ్గర పాత ఎన్.ఇ.ఎస్. ఉండడంతో, కిందటేడు అక్కడికి వెళ్ళినప్పుడు ఒక అమ్మకందారు దగ్గర వాడిన క్యాట్రిడ్జ్ కొన్నాను. బ్యాటరీ కొత్తదేనని అతడు చెప్పాడు. ఏడో లెవెల్ దాకా ఆడి, సేవ్ చేసి, పడుకుని లేచేసరికి ఆట నన్ను మళ్ళీ పేరు అడిగింది. విప్పి చూస్తే లోపల ఉన్నది తుప్పు పట్టిన పాత బిళ్ళే. దాన్ని మార్చాలంటే టంకం పెట్టడం తెలిసి ఉండాలి, కేవలం తీసి వేసే ఏర్పాటు కాదు.

ఆ తరువాత నేను ఆటను పూర్తి చేసింది ఎస్.ఎన్.కె. ఫార్టీయత్ యానివర్సరీ కలెక్షన్‌లో. డిజిటల్ ఎక్లిప్స్ తయారుచేసిన ఈ సంకలనం 2018లో నింటెండో వారి స్విచ్ యంత్రం మీద, మరుసటి ఏడాది ఇతర యంత్రాల మీద, కంప్యూటర్ మీద కూడా వచ్చింది. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, తప్పు చేస్తే కాలాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందా ఉన్నవారికి ఎన్.ఇ.ఎస్. ఆటల జాబితాలోనూ క్రిస్టాలిస్ 2019 నుంచి ఉంది, వారు వేరుగా కొననక్కరలేదు. వెనక్కి తిప్పే సదుపాయాన్ని బాస్‌ల దగ్గర వాడితే పోరాటంలోని రుచి పోతుంది కనుక నేను దాన్ని ఒక్కచోటే వాడాను. గోవా కోటలో తప్పు కత్తితో లోపలికి దూరి, మెనూ తెరిచేలోపు సగం ప్రాణం పోగొట్టుకున్నప్పుడు ఏ సంకోచమూ లేకుండా వెనక్కి తిప్పాను.